ఇంటి వాయిద్యానికి ఇనాం

ఆ మద్రాసు మనిషి బతికున్నాడో పోయాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

నేను చెప్తుంటే రాస్తున్నది నా బిడ్డ. ఈ మొదటి మాట దగ్గరే కలం పక్కన పెట్టింది. "పెద్దమనిషిని గట్లంటరా అవ్వా?" అంది. "అనేది నేను, నువ్వు రాయి" అన్నాను. నాకు చదువంటే సంతకం వరకే. బస్సు బోర్డు మీద హన్మకొండ, కాజీపేట గుర్తుపడతాను, అంతే. అందుకని నా మాటలన్నీ దాని చేతిలో పడ్డాయి. ఎక్కడైనా మాట మెత్తగా కనపడితే అది దాని పని, నాది కాదు.

నా గొంతు మొదటినుంచీ బొంగురే. పెళ్లయిన కొత్తలో మా అత్త, "మొగోని గొంతు పిల్లను తెచ్చుకున్నం" అని వాడంతా చెప్పుకుంది. ఆ గొంతు ఒక్కసారి మాత్రం నాకు పనికొచ్చింది. ఆ ముచ్చటే ఇది.

మా ఇంటాయన పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. వరంగల్ చౌరస్తా వెనక సందులో మా మామ పెట్టిన బ్యాండు అది. మామ పోయాక మా బావ, అంటే మా ఆయన అన్న, దానికి మాస్టర్ అయ్యాడు. ఎర్రకోట్లు, భుజాల మీద జరీ కుచ్చులు, నెత్తిన టోపీలు. ఎండాకాలం పెళ్లిళ్లలో ఆ కోటు చెమటకు తడిసి వీపుకు అతుక్కునేది. ఉతికితే రంగు పోతుందని మా అత్త దానికి నీళ్లు తగలనిచ్చేది కాదు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

కోట్లు, డోళ్లు, బాకాలు అన్నీ బ్యాండువి. క్లారినెట్ మాత్రం మా ఆయన సొంతం. మా బ్యాండువాళ్లు దాన్ని పీక అంటారు. నా పుట్టింటివాళ్లు పెట్టిన వెండి కడియాలు అమ్మి హైదరాబాదులో పాతది కొనుక్కొచ్చాడు. బావ లెక్క వేరు. బ్యాండులో మోగిందేదైనా బ్యాండుదే అనేవాడు. మా ఆయన బతికున్నన్నాళ్లు అన్నదమ్ములు ఆ మాట మీద నవ్వుకునేవాళ్లు. నాకు మాత్రం ఎన్నడూ నవ్వు రాలేదు. కడియాలు నావి.

బ్యాండువాళ్లలో ఇనాం పద్ధతి ఒకటుంది. అది ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. బరాత్ వీధుల్లో పోతుంటే పెళ్లివారిలో ఎవరికో హుషారొస్తుంది. నోటు తీసి క్లారినెట్ వాయించేవాడి ముఖం ముందు పైకెత్తి పట్టుకుంటాడు. ఆ నోటు చేతికి వచ్చేదాకా వాయించేవాడు చివరి స్వరం వదలకూడదు. మంచివాడైతే వెంటనే ఇస్తాడు. తాగినవాడైతే నవ్వుకుంటూ నిలబడతాడు. మధ్యలో ఊపిరి తెగితే వాయించేవాడు ఓడినట్టు. నోటెత్తినవాడు వాయిద్యం లాక్కోవచ్చు. మర్నాడు మాస్టర్ వెళ్లి దండం పెట్టి విడిపించుకు రావాలి, ఇక అప్పటినుంచి ఆ వాయిద్యం మాస్టర్ ఎవరికిస్తే వాళ్లది. ఏటూరునాగారం దారిలో ఒక దొర ఇంటి పెళ్లికి పోయినప్పుడు దొర కొడుకు ఇట్లాగే నోటెత్తి నిలబడ్డాడు. మా ఆయన వదల్లేదు. ఇంటికొచ్చేసరికి పెదవులు వాచి ఉన్నాయి. వారం రోజులు అన్నంలోకి కారం తగలనివ్వలేదు. నేను పెరుగన్నం కలిపి పెడుతూ ఆ దొర కొడుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. "ఓడలే గద, ఫికర్ జేయకు" అన్నాడు ఆయన.

ఇంకో పద్ధతి కూడా ఉంది. అది మా ఆడబిడ్డ పెళ్లిలో చూశాను. ఇంటి పెళ్లి కదా, మా బ్యాండే వాయించింది. బావ బాగా తాగి, చిందులేస్తూ వచ్చి తమ్ముడి ముందు నోటెత్తాడు. మామ డోలు కట్టె తీసుకుని వచ్చి వీపు మీద ఒకటి వేశాడు.

"మనింటి వాయిద్యానికి మనమే ఇనామిస్తమారా? ఇనాం పరాయోనికిస్తరు. ఇచ్చినవంటే ఇగ అది పరాయిదే, నీది గాదు. జేబుల పెట్టుకో ముందు!"

బావ నోటు జేబులో పెట్టుకుని మామ కాళ్లు మొక్కాడు. అందరూ నవ్వారు. డోలు వాయించే పెద్దాయనైతే కూర్చుండిపోయి నవ్వాడు. మా అత్త కూడా అక్కడే ఉంది.

నా బిడ్డకు ఏడో ఎనిమిదో ఏడు నడుస్తుండగా మా ఆయన పోయాడు. దగ్గు. దవాఖానలో చేర్చాం, ఇంటికి రాలేదు. కొడుకు లేడు కాబట్టి కాష్టానికి నిప్పు బావే పెట్టాడు. పదో రోజు కర్మ అయిపోగానే వాకిట్లో నిలబడి నన్ను పిలిచాడు.

"క్లారినెట్ పట్టుకరా. ఇయ్యాల ఒకసారి మోగించి ఇంకోని చేతుల పెట్టాలె. అది ముండమోపి ఇంట్ల మోగకుంట పడి ఉండొద్దు."

నేను దాన్ని అప్పటికే పాత చీరలో చుట్టి జొన్నల గుమ్మిలో అడుగున పెట్టాను.

"లేదు బావా" అన్నాను.

"లేకేడికి వోయింది?"

"ఆయన బట్టల మూటల పెట్టి ఆయనతోటే పంపిన. నిప్పు నువ్వే పెట్టినవ్ గద."

చెంప మీద కొట్టాడు. మా అత్త మట్టి తీసి నా మీద పోసింది. ఆ వారంలోనే బిడ్డను, గుమ్మిలోది తీసుకుని కాజీపేట వచ్చేశాను. అక్కడ ఒక మిషన్ బడిలో ఆయా పని దొరికింది. పేరు చెప్పను. బిడ్డకు ఫీజు లేకుండా చదువు, నాకు వంటింటి పక్కన ఒక గది.

బిడ్డ చిన్నప్పుడే తండ్రి ఒళ్లో కూర్చుని వేళ్లు పెట్టడం నేర్చుకుంది. చిన్నవేళ్లు, రంధ్రాలు సరిగా మూసుకునేవి కాదు. కాజీపేటలో పెద్దదైంది, వేళ్లు అందాయి. గూడ్సు బండి వచ్చే సమయం చూసి గదిలో వాయించేది, చప్పుడు బయటికి పోకుండా. ఒకరోజు గూడ్సు సిగ్నల్ దగ్గర ఆగిపోయింది. ఇది చూసుకోలేదు. బడిలో సంగీతం చెప్పే కేరళ సిస్టర్ వచ్చి తలుపు కొట్టింది. తలుపు తీస్తే ఆమె క్లారినెట్ వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది. "ఎవరు నేర్పినది?" అని అడిగింది. తరవాత దానికి కాగితం మీద గీతలు, చుక్కలు చూసి వాయించడం నేర్పింది. ఆమెను నేనేమీ అనను. ఈ మొత్తం ముచ్చటలో నేనేమీ అనని మనిషి ఆమె ఒక్కతే.

టీవీ ఇంకా మా వాడకు రాని రోజులు. బిడ్డ తొమ్మిదో తరగతి అయిపోయిన ఎండాకాలం అనుకుంటాను. సికింద్రాబాదు, విజయవాడ, ఇంకెక్కడెక్కడి మిషన్ బడుల పిల్లలందరినీ మా బడికి తీసుకొచ్చి హాస్టల్లో పెట్టారు. వయొలిన్లు, వయొలిన్ కన్నా పెద్దవి, మనిషంత ఎత్తువి, పిల్లనగ్రోవులు, ఇత్తడి బాకాలు. వీళ్లందరూ కలిసి సింఫనీ వాయిస్తారట. ముందు కాజీపేటలో రైల్వేవాళ్ల హాలులో, ఆ తరవాత వారం హైదరాబాదులో. వీళ్లను నడిపించడానికి మద్రాసు నుంచి ఒకాయనను పిలిపించారు. ముగ్గురు పిల్లలు ముందు నిలబడి ఒంటరిగా వాయించాలి. సికింద్రాబాదు అబ్బాయిది వయొలిన్, ఒక రైల్వే ఆఫీసరు కూతురిది పియానో, నా బిడ్డది క్లారినెట్.

ఆ మద్రాసాయన మే నెల ఎండలో నల్లకోటు వేసుకుని దిగాడు. చేతిలో తెల్ల పుల్ల. నేను పుల్లదొర అని పేరు పెట్టాను. వచ్చిన రోజే ఫ్యాన్లు ఆపించాడు, కాగితాలు ఎగురుతున్నాయని. పిల్లలు ఉడికిపోయారు. ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోతే నేను ముఖాన నీళ్లు కొట్టాను, ఆయన ఆ చప్పుడు కూడా చేయొద్దన్నాడు. మెయిల్ కూత వేసుకుంటూ పోతే పుల్ల కింద కొట్టి, సిస్టర్ని పిలిచి, "ఆ రైళ్లు ఎవరితో మాట్లాడితే ఆగుతాయి?" అని అడిగాడు. కాజీపేటలో నిలబడి రైళ్లు ఆపమన్న మనిషిని నేను అప్పుడే చూశాను.

నా బిడ్డ అంటే ఆయనకు మొదటిరోజే గిట్టలేదు. మా క్లారినెట్ పాతది. జాయింటు దగ్గర దారం చుట్టి, ఒక మూత కింద సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉంది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన తొండను పట్టుకున్నట్టు ఎత్తి చూశాడు.

"ఇదేమిటమ్మా, పెళ్లి బాజాయా?"

"అవును సార్. మా బాపుది" అంది బిడ్డ.

వెనక కూర్చున్న పిల్లల్లో ఒకడి దగ్గర కొత్త క్లారినెట్ ఉంది. తళతళలాడుతోంది. దాన్ని వాయించమన్నాడు. బిడ్డ వాయించి తిరిగి ఇచ్చేసింది. "ఇది నా మాట వింటలేదు సార్" అంది. పుల్లదొర ముఖం మాడిపోయింది.

అసలు గొడవ చివరి స్వరం దగ్గర వచ్చింది. ఎవరో జర్మనీవాడు కట్టిన పాట అది. చివర అందరూ కలిసి ఒకే దగ్గర ఆగాలి, పుల్ల ఎక్కడ ఆగితే అక్కడ. నా బిడ్డ ఆగేది కాదు. అందరూ ఆపేశాక కూడా దాని స్వరం ఒక్కటే మిగిలేది. కావాలని కాదు. ముందున్న మనిషి కదిలేదాకా చివరిది వదలొద్దని తండ్రి చెప్పిన మాట దాని ఊపిరిలో ఉంది. అది పుల్ల వైపు కాక ముందు ఖాళీ కుర్చీల వైపు చూసేది, ఎవరైనా కదులుతారేమోనని.

"నన్ను చూడు! అక్కడ ఎవరున్నారని చూస్తావు?" అని అరిచేవాడు.

అందరి ముందు మళ్లీ మళ్లీ వాయించమనేవాడు. సిగ్గుతో దాని చెవులు ఎర్రబడేవి. నేను తలుపు దగ్గర నీళ్ల కుండ పెట్టుకుని కూర్చుని చూసేదాన్ని. నేను పళ్లు నూరిన చప్పుడు ఆయనకు వినపడిందో లేదో. చివరికి ఒక మాట అనేశాడు. ఇక్కడి కచేరీలో సరిగ్గా ఆగితేనే హైదరాబాదుకు తీసుకుపోతాడట. ఆగకపోతే ఆ కొత్త క్లారినెట్ పిల్లవాడు వాయిస్తాడు.

అప్పటినుంచి బిడ్డ గదిలో గోడకు పుల్ల గీసుకుని దాన్నే చూస్తూ వాయించింది. హైదరాబాదు పోవాలని దానికి ఎంత ఆశగా ఉండేదో నాకు తెలుసు. నెమ్మదిగా ఆగడం నేర్చుకుంది. పుల్ల ఆగితే ఆగేది. పుల్లదొర మెచ్చుకోలేదు, తిట్టడం మానేశాడు, అంతే.

ఇంతలో బావకు తెలిసింది. రైల్వేవాళ్ల పెళ్లికి వాయించడానికి వస్తే ఎవరో చెప్పారట, ఇక్కడ ఒక పిల్ల అచ్చం మీ తమ్ముని లెక్కనే వాయిస్తదని. కచేరీకి మూడు రోజుల ముందు బావ, మా అత్త బడి గేటు దగ్గరికి వచ్చారు. అన్నేళ్ల తరవాత నన్ను చూసి మా అత్త అన్న మొదటి మాట:

"కాష్టంల కాలిన పీక మళ్ల మొలిసిందానే?"

"మొలిసింది అత్తా. నీ నోరు మాత్రం ఇంక కాలలే."

బావ ఆమెను పక్కకు జరిపాడు. "చూడు, రఘునాథపల్లిల పెద్ద పెళ్లున్నది. మావోనికి నెత్తురు కక్కుడు పట్టుకున్నది, వాయించేటోడు లేడు. పీక ఇయ్యి. పిల్లను గూడ తోలియ్యి, ఆడపిల్ల వాయిస్తదంటే ఇంకింత మంది వస్తరు."

"పీక నా కడియాలు. పిల్ల నా బిడ్డ. రెండిట్ల ఏది నీది బావా?"

"బ్యాండుల మోగింది బ్యాండుదే."

"అయితే పోయి గుంజుకో. గేటు కాడ గూర్ఖా ఉన్నడు."

ఆయన గూర్ఖా వైపు చూశాడు. నవ్వాడు. "గుంజుకుంటె దొంగతనమంటవ్. పద్ధతి ప్రకారమే తీస్కుంట. నలుగురి ముందట. నా మనుషుల ముందట."

ఆ రాత్రి బిడ్డకు చెప్పాను, పెద్దబాపు వస్తాడని. "వస్తె నోటెత్తుతడా?" అని అడిగింది. ఎత్తుతాడని నాకు తెలుసు. "ఎత్తితె నువ్వు చూడకు, సార్ను చూడు" అన్నాను. "చూడకుంటె ఓడినట్టు గాదా అవ్వా?" అంది. ఓడినట్టే. బ్యాండువాళ్లలో ఇది తెలియని మనిషి లేడు. డోళ్ల వాళ్లు, బాకాల వాళ్లు అందరూ సాక్ష్యం చెప్తారు. పీక పోతుంది.

కచేరీ రోజు రైల్వే హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో ఆఫీసర్లు, వాళ్ల భార్యలు, చేతుల్లో విసనకర్రలు. ఫ్యాన్లు ఆ రోజు కూడా ఆపేశారు. నేను వెనక తలుపు దగ్గర నా కుండతో ఉన్నాను. సికింద్రాబాదు అబ్బాయి వయొలిన్ వాయించాడు. ఆఫీసరు కూతురు పియానో వాయించింది, వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. నా బిడ్డ తెల్ల గౌను వేసుకుని ముందుకు వచ్చింది. తండ్రి క్లారినెట్ పట్టుకుని నిలబడితే ఆయనలాగే ఒక భుజం కిందికి ఉంది.

మొదలుపెట్టింది. ఆ పాట మంచిదో చెడ్డదో నాకు తెలియదు. నేను పాట వినలేదు, తలుపు చూస్తున్నాను.

పాట చివరికి వస్తుండగా వచ్చారు. రఘునాథపల్లి పెళ్లి పీక లేకుండానే పొద్దున్నే ముగించుకుని, ప్యాసింజర్‌లో దిగి, సరాసరి వచ్చినట్టున్నారు. ఎర్రకోట్లతోనే వచ్చారు. ముందు బావ, వెనక నలుగురైదుగురు, అందులో డోలు వాయించే పెద్దాయన. మా అత్త కూడా. నేను అడ్డం పోయేలోపల బావ నన్ను దాటి కుర్చీల మధ్య దారిలో నడిచిపోయాడు. టోపీ, జరీ కుచ్చులు చూసి ఇది కూడా ప్రోగ్రాంలో భాగమే అనుకున్నారు జనం. ఒక ఆఫీసరమ్మ కాళ్లు ముడుచుకుని దారి కూడా ఇచ్చింది.

ఆయన స్టేజీ కిందికి వెళ్లి, సరిగ్గా బిడ్డ ముందు నిలబడి, జేబులోంచి నోటు తీసి పైకెత్తాడు.

బిడ్డ పుల్లదొర వైపే చూస్తోంది. చివరి స్వరం వచ్చింది. వయొలిన్లన్నీ కలిశాయి. పుల్ల ఆగింది. నలభై యాభై మంది పిల్లలు ఒక్కసారిగా ఆగారు.

నా బిడ్డ ఆగలేదు.

అప్పుడు దాని కళ్లు పుల్ల మీంచి నోటు మీదికి దిగాయి. నేను చూశాను. అక్కడ ఒక్కటే స్వరం, అంత పెద్ద హాలులో. పుల్లదొర మళ్లీ చెయ్యి కిందికి కొట్టాడు. మూడోసారి కొట్టాడు. అది ఆయన వైపు చూడనే లేదు. బావ కదలకుండా నవ్వుతున్నాడు. ఊపిరి ఎంతసేపుంటుందో చూద్దామన్నట్టు. దాని మెడ నరాలు తేలాయి. ముఖం నల్లబడుతోంది. దొర కొడుకు ముందు మా ఆయన కూడా ఇట్లాగే నిలబడి ఉంటాడని నాకు అప్పుడు అనిపించింది, ఒళ్లు మండింది.

అప్పుడే మామ డోలు కట్టె నాకు గుర్తొచ్చింది. ముందే ఎందుకు గుర్తు రాలేదో తెలియదు. కుండ అక్కడే వదిలేసి పరుగెత్తాను. నా మోచేయి తగిలి ఎవరి విసనకర్రో కింద పడింది. బావ వెనకనుంచి పోయి, ఎత్తిన చేతిలోంచి నోటు లాగేసుకున్నాను.

"ముట్టింది!" అని అరిచాను. "ఇనాం ముట్టింది! ఇగ ఆపు బిడ్డా!"

నా గొంతుకు ఆ హాలు మోగింది. బిడ్డ ఆపింది. ఊపిరి తీసుకున్న చప్పుడు వెనకదాకా వినపడింది.

బావ నా వైపు తిరిగాడు. "నడుమ నువ్వెవతివే? ఇటియ్యి!"

"ఎందుకియ్యాలె? ఆ పిల్ల తల్లిని. పిల్ల ఇంటికి ఇనామిచ్చినవ్, పిల్ల ఇల్లు తీసుకున్నది. నలుగురి ముందట, నీ మనుషుల ముందటనే ఇచ్చినవ్. మనింటి వాయిద్యానికి మనమే ఇనామిస్తమా బావా? ఆడబిడ్డ పెండ్లిల మామ నీకు వీపు మీద ఏమని చెప్పిండు?"

ఆయన వెనక్కి తిరిగి తన మనుషుల వైపు చూశాడు. డోలు పెద్దాయన భుజాలు కదులుతున్నాయి, నవ్వు ఆపుకోలేక. "అయిపాయె మాస్టర్, పరాయిదాన్ని జేసినవ్ గద" అన్నాడు. "ఆమెకు సలాం జేసి నడువు, ప్యాసింజర్ పోతది."

"నేనెత్తింది ఇనాం గాదు!" అన్నాడు బావ.

"మరేంది, హారతా?" అన్నాడు ముసలాయన.

మా అత్త అటు గోడకు ముఖం తిప్పుకుంది. ఆమెకు అన్నీ గుర్తున్నాయి. బావ టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ వచ్చిన దారినే పోయాడు. హాలంతా ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. వెనకనుంచి ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ కొట్టారు.

పుల్లదొర కొట్టలేదు. పుల్ల స్టాండు మీద పడేసి స్టేజీ మెట్లు దిగి నా మీదికి వచ్చాడు.

"ఏమిటమ్మా ఇది? ఇది కచేరీ. మీ పెళ్లి ఊరేగింపు కాదు!"

"ఎట్లయితది సారూ? పెళ్లయితె మీకు గూడ బువ్వ పెడుదురు."

ఆయన బిడ్డ వైపు తిరిగాడు. "నా చెయ్యి ఆగింది. నువ్వెందుకు ఆగలేదు?"

"ఆగితె మా పీక పోతుండె సార్."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అడగలేదు. కేరళ సిస్టర్ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. హైదరాబాదుకు ఆ కొత్త క్లారినెట్ పిల్లవాడు పోయాడు. సరిగ్గా ఆగాడట. నా బిడ్డ స్టేషన్‌కు పోయి వాళ్ల పెట్టెలు ఎక్కించి వచ్చింది. దాని పెట్టె గదిలోనే ఉంది, సర్దినది సర్దినట్టు.

ఆ వారమంతా అది నాతో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు పప్పులో పోపు వేస్తుంటే వెనకనుంచి అంది:

"నిన్నెవరు ఉరికి రమ్మన్నరు?"

"రాకుంటె ఊపిరి తెగి పడుదువు."

"తెగకపోవు. నేనింకింత సేపు పట్టుదు. పెద్దబాపు చెయ్యే ముందుగల దిగుతుండె."

ఇప్పుడు కూడా రాస్తూ రాస్తూ అదే మాటంటోంది. ఇంకా పట్టేదాన్నని. పుల్లదొర వైపు కూడా ఒక న్యాయం ఉందని రాయమంటోంది. అందరినీ ఒకే దగ్గర ఆపడం ఆయన పనట, అది జరగకపోతే సంగీతం కాదట. రాసుకోనీ. నా పేరు మీద మాత్రం వద్దు. ఆయనకు నా బిడ్డ కనపడలేదు, దాని చివరి స్వరమే కనపడింది. బావకు అది కూడా కనపడలేదు, పీక ఒక్కటే కనపడింది. ఇద్దరిలో ఎవరు మంచివారని నన్నడగొద్దు.

బావ మళ్లీ పీక మాట ఎత్తలేదు. ఎత్తితే డోలు పెద్దాయన నవ్వుతాడని భయం. ఆ తరవాత మా మధ్య మాటలు కూడా లేవు, ఆయన పోయేదాకా. క్లారినెట్ ఇప్పుడు ఈ గదిలోనే, బిడ్డ మంచం పక్కన మేకుకు వేలాడుతోంది. సైకిల్ ట్యూబు ముక్క రెండుసార్లు మార్చింది.

ఆ నోటు ఏం చేశావని అందరూ అడుగుతారు. దాచుకున్నానని అనుకుంటారు. ఎందుకు దాస్తాను? ఆ ఆదివారమే మటన్ తెప్పించాను. నిండుగా కారం వేసి వండాను. బిడ్డ అలిగి మొదట ముట్టలేదు, వాసనకు ఆగలేక రెండుసార్లు పెట్టించుకుంది. ఒక గిన్నె నిండా కూర మూతపెట్టి, వరంగల్ పోయే పాలాయన సైకిల్ మీద బావ ఇంటికి పంపాను, మా అత్తకు ఇవ్వమని. "ఏమని చెప్పాలె?" అన్నాడు పాలాయన.

"మీ ఇనాం రుచి చూడమన్నదని చెప్పు."

చెప్పాడట. మా అత్త గిన్నె లోపల పెట్టుకుని తలుపేసుకుందట. తిన్నారో, కుక్కకు వేశారో నాకు తెలియదు. మంచి ఇత్తడి గిన్నె అది, అడుగున మా ఆయన పేరు చెక్కి ఉంది. ఇంతవరకు తిరిగి రాలేదు.